ఎడమ భుజానికి సెమీ ఆటోమేటిక్: క్లే షూటింగ్‌కి తుపాకీ ఎంచుకునేటప్పుడు ఏది ముందు, ఏది తరవాత

క్లే షూటింగ్‌కి, అంటే గాల్లోకి విసిరిన బిళ్లల్ని (క్లేలని) కాల్చే ఆటకి, సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ కొనాలనుకునే ఎడమచేతి వాటం వాళ్లు మొదట అడిగేది ఒకే ప్రశ్న: ఖాళీ తూటాని, అంటే కాలిపోయిన తూటా డొల్లని, ఎడమవైపు విసిరే తుపాకీ ఎవరు చేస్తున్నారు? అడగడం సబబే. మార్కెట్లో ఉన్న సెమీ ఆటోమేటిక్‌లలో దాదాపు అన్నీ ఖాళీ తూటాని కుడివైపు విసురుతాయి. ఎడమ భుజానికి ఆనించి కాల్చేవాళ్ల మొహం స్టాక్‌కి, అంటే తుపాకీ వెనక భుజానికి ఆనే భాగానికి, కుడిపక్కన ఉంటుంది. అంటే తూటా వాళ్ల కళ్ల ముందు నుంచే పోతుంది. ఒకదాని కింద ఒకటిగా రెండు బ్యారెల్‌లుండి మధ్యకి తెరుచుకునే ఓవర్ అండ్ అండర్ తుపాకీకి ఈ బెడద లేదు. అయినా సెమీ ఆటోమేటిక్ వైపు మొగ్గడానికి మంచి కారణాలున్నాయి. భుజానికి తగిలే తన్ను తక్కువ. అదే నాణ్యతకి ధర తక్కువ. స్టాక్ కొలతల్ని ఇంట్లోనే కొంత సర్దుకోవచ్చు.

అయితే ఖాళీ తూటా ఏ పక్కన పడుతుందన్నది ఈ ఎంపికలో నాలుగో సంగతి. మొదటిది మీ కన్ను. రెండోది స్టాక్ వంపు. మూడోది తుపాకీ బరువు, అది నడిచే తీరు. ఈ వరస తిరగేసి, ఎడమ పోర్టు (ఖాళీ తూటా బయటికి పోయే సందు ఎడమవైపు) ఉందన్న ఒక్క కారణంతో తేలికపాటి వేట తుపాకీ కొన్నవాళ్లు క్లేలు వదిలేస్తూనే ఉంటారు, ఎందుకు తప్పుతున్నాయో తెలియదు. కుడి పోర్టు ఉన్న బరువైన టార్గెట్ తుపాకీ కొని, స్టాక్‌ని ఎడమకి సర్దుకున్నవాళ్లు వాళ్లకంటే ముందుంటారు.

కన్ను

ఎడమ చేత్తో రాసేవాళ్లందరికీ ఎడమ కన్నే ప్రధానం కాదు. షాట్‌గన్‌కి వెనక సైటు ఉండదు, ఆ పని కన్నే చేస్తుంది. భుజం ఒకవైపు, ప్రధాన కన్ను మరోవైపు ఉంటే బ్యారెల్ చూసే చోటు వేరు, మీరు చూసే చోటు వేరు అవుతుంది.

పరీక్ష సులువు. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య రూపాయి బిళ్లంత సందు వదిలి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్నో స్విచ్చునో రెండు కళ్లతో చూడాలి. చేతులు కదపకుండా ఒక్కో కన్నూ మూయాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే నిలబడిందో అదే ప్రధాన కన్ను. అలసట, వయసు, కళ్లద్దాల నంబరు దీన్ని మారుస్తాయి కాబట్టి వేర్వేరు రోజుల్లో మళ్లీ చూసుకోవాలి.

ఫలితం కుడి కన్ను అని వచ్చి, మీరు ఇంకా మొదలుపెట్టని వాళ్లయితే, కుడి భుజం మీద నేర్చుకోవడమే మంచి దారి. మొదటి కొన్ని వారాలు చేతులు మొరాయిస్తాయి. ఆ తరవాత ఈ వ్యాసంలో మిగతా చిక్కులేవీ మీవి కావు, ఏ దుకాణంలో ఏ తుపాకీ అయినా కొనుక్కోవచ్చు. ఎన్నో ఏళ్లుగా ఎడమ భుజం మీద కాల్చి అలవాటు పడ్డవాళ్లు మాత్రం కుడి అద్దం మీద, తుపాకీ భుజానికి ఎత్తినప్పుడు కంటిపాప బీడుని (బ్యారెల్ కొసన ఉండే చిన్న పూసని) చూసే చోట, మసకగా కనిపించే టేపు చుక్క ఒకటి అతికించుకుంటే సరిపోతుంది. ఒక కన్ను పూర్తిగా మూసి కాల్చడం కన్నా ఇదే మేలు. చుట్టూ చూపు మిగిలి ఉంటుంది, క్లే ఎక్కణ్నుంచి లేచిందో ముందే అందుతుంది.

స్టాక్ వంపు

అసలు నష్టం జరిగేది ఇక్కడ, అదీ కంటికి కనిపించకుండా.

కుడిచేతి వాళ్లు చెంపని స్టాక్‌కి ఎడమవైపు ఆనిస్తారు. కన్ను బ్యారెల్ మీద పొడవునా ఉండే రిబ్ అనే పట్టీకి సరిగ్గా పైన పడాలంటే స్టాక్ కొద్దిగా కుడికి వంగి ఉండాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే తుపాకులు చాలావరకు ఇలా 3 మిల్లీమీటర్లు, అంతకు కాస్త అటూ ఇటూగా వంగి ఉంటాయి. ఎడమచేతి వాళ్లకి కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు. వంపు ఎడమకి ఉండాలి. కుడికి 3 మిల్లీమీటర్లు వంగిన స్టాక్ వాడితే, ఎడమకి 3 కావలసిన మనిషి మొత్తం 6 మిల్లీమీటర్ల తేడాతో కాలుస్తున్నట్టు. ఈ కొలత స్టాక్ వెనక చివర తీసేది. చెంప ఆనే చోట అందులో సుమారు సగమే పడుతుంది, 3 మిల్లీమీటర్లు అనుకుందాం.

కంటికీ బ్యారెల్ కొసకీ మధ్య దూరం 95 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 35 మీటర్ల దూరాన ఆ 3 మిల్లీమీటర్లు 11 సెంటీమీటర్లు అవుతాయి. అంతర్జాతీయ పోటీల క్లే వ్యాసం 110 మిల్లీమీటర్లు. అంటే పెల్లెట్ల గుంపు నడిబొడ్డు ఒక నిండు క్లే వెడల్పు పక్కకి, ఎప్పుడూ కుడివైపుకే, జారిపోతుంది. కన్ను రిబ్‌కి కుడిగా ఉన్నప్పుడు దెబ్బ కుడికే పడుతుంది. గుంపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి కొన్ని క్లేలు అంచు పెల్లెట్లతో పగులుతాయి. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి దొరకదు. ఎడమ నుంచి కుడికి పోయే క్లేలు బాగా పగిలి, కుడి నుంచి ఎడమకి పోయేవి చేజారుతుంటే లీడ్ (కదిలే క్లే కన్నా ముందుకి పెట్టే గురి) చాలలేదని అనుకుంటారు. తప్పు లీడ్‌ది కాదు, వంపుది.

ఇంకో బాధ కూడా ఉంది. వంపు తప్పుడు వైపు ఉంటే తన్ను తగిలినప్పుడు స్టాక్ పైఅంచు చెంప ఎముకలోకి దిగుతుంది. పాతిక తూటాల రౌండు రెండు మూడు కాల్చాక మొహం నొప్పెడితే తలని స్టాక్ నుంచి తెలియకుండానే ఎత్తేస్తారు. తల ఎత్తితే దెబ్బ క్లే పైనుంచి పోతుంది.

ఈ విషయంలో సెమీ ఆటోమేటిక్‌లో ఒక మేలు, ఒక ఇబ్బంది ఉన్నాయి. మేలు ఏమిటంటే బెరెట్టా, బెనెల్లి లాంటి ఇటాలియన్ తుపాకులతో పాటు పెట్టెలో షిమ్‌లు వస్తాయి. స్టాక్‌కీ రిసీవర్‌కీ (బోల్టు, ట్రిగ్గర్ ఉండే నడిమి భాగానికీ) మధ్య పెట్టే పలచని బిళ్లలివి, వీటితో వంపునీ, స్టాక్ దిగుడునీ (బ్యారెల్ గీత కన్నా ఎంత కిందికి ఉందో దాన్ని) మార్చుకోవచ్చు. వాటి మీద డీఎక్స్ అంటే కుడి, ఎస్ఎక్స్ అంటే ఎడమ. ఎడమచేతి వాళ్లకి ఎస్ఎక్స్ కావాలి. ఇబ్బంది ఏమిటంటే, ఈ తుపాకుల్లో చాలావాటికి బోల్టుని (తూటా వెనక మూసుకునే లోహపు దిమ్మెని) ముందుకి నెట్టే స్ప్రింగు ఒక గొట్టంలో స్టాక్ లోపలికి పోతుంది. రెమింగ్టన్ 1100, బెరెట్టా ఏ400, బెనెల్లి ఎం2 అన్నీ ఇంతే. అందుకని ఓవర్ అండ్ అండర్ స్టాక్‌ని వేడి చేసి వంచినట్టు దీన్ని వంచడం కుదరదు. షిమ్ ఎంత ఇస్తే అంతే. అది చాలకపోతే పక్కకి కూడా జరిగే అడ్జస్టబుల్ కోంబ్ (స్టాక్ మీద చెంప ఆనే పైభాగం) ఉన్న మోడల్ తీసుకోవాలి, లేదా స్టాక్ పైభాగాన్ని కోయించి అలాంటిది పెట్టించుకోవాలి.

షిమ్ మార్చేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. రబ్బరు ప్యాడ్ తీసి, పొడవాటి సాకెట్‌తో లోపలి నట్టు విప్పి, స్టాక్ లాగి, ముందున్న బిళ్ల మారుస్తారు. నట్టు కింద ఉండే లోహపు పలకని మాత్రం పాతదే వదిలేస్తారు. బిళ్లా పలకా జంటగా వస్తాయి, రెండింటి మీదా గుర్తులు ఒకటే ఉండాలి. ఒకటి కుడిది, ఒకటి ఎడమది అయితే నట్టు వంకరగా కూర్చుంటుంది. కొన్ని వందల తూటాల తరవాత చెక్క పిడి దగ్గర చీలే ప్రమాదం ఉంది. బిగించాక ఓ యాభై తూటాలు కాల్చి నట్టు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. కొత్త షిమ్ సర్దుకున్నాక నట్టు కాస్త వదులవడం మామూలే.

పిడి దగ్గర అరచేతి ఉబ్బు ఉందేమో వేళ్లతో తడిమి చూడండి. టార్గెట్ తుపాకుల్లో కుడి అరచేతికి సరిపోయేలా పిడి కుడిపక్కని ఉబ్బెత్తుగా చెక్కుతారు. ఎడమ చేత్తో పట్టుకుంటే అదే ఉబ్బు వేళ్ల కింద పడి, చూపుడు వేలిని ట్రిగ్గర్‌కి దూరంగా తోస్తుంది. షిమ్ దీన్ని సరిచేయలేదు. ఇలాంటి పిడి ఉన్న తుపాకీ ఎంత తక్కువ ధరకి వచ్చినా వదిలేయడమే మంచిది. రెండు వైపులా ఒకేలా ఉన్న పిడి చూసుకోండి.

స్టాక్ పొడవు గురించి క్లుప్తంగా చెప్పుకుంటే, అమెరికన్ మార్కెట్ తుపాకులు 14.25 నుంచి 14.5 అంగుళాల మధ్య వస్తాయి. అయిదున్నర అడుగుల మనిషికి ఇది కాస్త ఎక్కువే. తుపాకీ భుజానికి ఎత్తినప్పుడు ముక్కుకీ పిడి మీది బొటనవేలి కణుపుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. పలచని ప్యాడ్‌తోనో స్పేసర్లు తీసేసో అర అంగుళం దాకా తగ్గించుకోవచ్చు.

ఖాళీ తూటా ఎగిరే దారి

ఇప్పుడు పోర్టు సంగతి. ఖాళీ తూటా మొహానికి తగులుతుందన్న భయమే చాలామందిని ఎడమ మోడల్ వైపు నెడుతుంది. పోర్టు కంటికి జానెడు కన్నా ఎక్కువ ముందే ఉంటుంది, సవ్యంగా పనిచేసే తుపాకీ తూటాని పక్కకి, కాస్త ముందుకి విసురుతుంది. ఎడమచేతి వాళ్లకి అది చూపు కొసన ఒక మెరుపులా కనిపించి పోతుంది. వరసగా రెండు క్లేలు కాల్చేటప్పుడు మొదట్లో కాస్త చిరాకు పెడుతుంది. రెండు మూడు వందల తూటాలయ్యేసరికి కన్ను దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

నిజంగా ఇబ్బంది పెట్టేది తూటా కాదు, దాని వెనక వచ్చే పొగ, కాలని మందు రేణువులు. పోర్టు తెరుచుకున్న క్షణాన ఇవి బయటికి చిమ్ముతాయి. గాలి కుడి నుంచి కొడుతుంటే నేరుగా మీ మొహం మీదికే వస్తాయి. అందుకే ఎడమచేతి వాళ్లు పక్కల్ని కూడా కప్పే పాలీకార్బొనేట్ కళ్లద్దాలు, ఆన్సీ జెడ్87.1 ప్రమాణం ఉన్నవి, పెట్టుకోకుండా కుడి పోర్టు తుపాకీ ముట్టుకోకూడదు. మామూలు చూపు కళ్లద్దాలకి పక్కన ఉండే సందులోంచి రేణువులు లోపలికి వస్తాయి.

కొనే ముందు ఆ తుపాకీతోనే పది తూటాలు కాల్పించి, ఖాళీ తూటాలు ఎక్కడ పడ్డాయో చూడండి. మీరు నిలబడ్డ చోటికి పక్కగా, కొంచెం ముందుగా పడితే బాగున్నట్టు. భుజం కన్నా వెనక పడుతుంటే, లేదా ముందు పట్టుకున్న కుడి చేతికి తగులుతుంటే, ఆ తుపాకీ మీది కాదు. తూటా బ్రాండు మారిస్తే దారి కాస్త మారుతుంది కాబట్టి మీరు రోజూ కాల్చే తూటాలతోనే చూడాలి.

కుడి పోర్టు ఎడమచేతి వాళ్లకి ఒక విషయంలో కలిసొస్తుంది. తుపాకీని ఎడమ చేత్తో పిడి దగ్గర పట్టుకుని, స్టాక్ చివరని నడుముకి ఆనించి, బ్యారెల్ కాల్చే దిశలోనే ఉంచితే, ఖాళీగా ఉన్న కుడి చెయ్యి నేరుగా పోర్టు దగ్గరికి వస్తుంది. ఆ చేత్తోనే తూటా వేసి, ఆ చేత్తోనే బోల్టు విడిచే బొత్తాం నొక్కచ్చు. కుడిచేతి వాళ్లు పిడి వదలకుండా ఇదే పని చెయ్యాలంటే ఎడమ చేతిని రిసీవర్ కింద నుంచి తిప్పి తేవాలి. కింద నుంచి మ్యాగజైన్‌లోకి తూటా తోసే పని మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఎడమ మోడళ్లు: దొరికేవి, దొరకనివి

పోర్టు, బోల్టు, సేఫ్టీ అన్నీ ఎడమకి తిప్పిన సెమీ ఆటోమేటిక్‌లు ఉన్నాయి. బెనెల్లిలో మోంటెఫెల్ట్రో, ఎం2, సూపర్ బ్లాక్ ఈగిల్ 3 ఎడమ రకాల్లో వచ్చాయి. ఫ్రాంకీ అఫినిటీ, బెరెట్టా ఏ400 ఎక్స్‌ట్రీమ్ ప్లస్ కూడా అంతే. పాతవాటిలో రెమింగ్టన్ 1100, 11-87 ఎడమ రకాలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి.

ఈ జాబితాని జాగ్రత్తగా చూస్తే దాదాపు అన్నీ వేట తుపాకులు. సూపర్ బ్లాక్ ఈగిల్, ఎక్స్‌ట్రీమ్ ప్లస్ బాతుల వేటకి, 3.5 అంగుళాల బరువైన తూటాలకి చేసినవి. అఫినిటీ, మోంటెఫెల్ట్రో రోజంతా చేత పట్టుకుని నడవడానికి తేలిగ్గా చేసినవి, 12 బోర్‌లో 3 కిలోల చుట్టుపక్కల. క్లేలకి వాడే తుపాకీ 3.4 నుంచి 3.7 కిలోలు ఉండాలి. ఒక్క ఆదివారం వంద క్లేలు కాల్చే క్రీడలో ఈ అర కిలో రెండు రకాలుగా పనిచేస్తుంది. తన్నుని మింగుతుంది. ఒకసారి కదలడం మొదలుపెట్టిన బ్యారెల్‌ని మధ్యలో ఆగిపోనివ్వదు. తేలిక తుపాకీ చేతికి తొందరగా వస్తుంది, అంతే తొందరగా ఆగుతుంది, క్లే వెనకపడుతుంది. పైగా వేట తుపాకుల స్టాక్ తక్కువ ఎత్తులో ఉంటుంది. ట్రాప్ పోటీలో షూటర్ ముందు నుంచి దూరంగా, పైకి లేచే క్లేకి అది సరిపడదు.

ఎడమ రకాలకి విడి భాగాల ఇబ్బంది కూడా ఉంది. రెమింగ్టన్ 1100లో ఖాళీ తూటాని విసిరే ఎజెక్టర్ బ్యారెల్‌కే అతికి ఉంటుంది కాబట్టి ఎడమ తుపాకీకి కుడి బ్యారెల్ పట్టదు. 30 అంగుళాల ట్రాప్ బ్యారెల్ కావాలంటే ఎడమదే వెతకాలి. బోల్టు, ఎక్స్‌ట్రాక్టర్‌ల మీదా ఇదే లెక్క. తిరిగి అమ్మేటప్పుడు కొనేవాళ్లు కొందరే ఉంటారు.

అందుకే మా సలహా ఇది. మీకు అందుబాటులో అసలైన టార్గెట్ బరువున్న ఎడమ తుపాకీ ఉంటే, స్టాక్ సరిపోతే, కళ్లు మూసుకుని తీసుకోండి. లేకపోతే ఎడమ పోర్టు ఉన్న వేట తుపాకీ కన్నా, బెరెట్టా ఏ400 ఎక్సెల్ లాంటి కుడి పోర్టు టార్గెట్ తుపాకీని ఎస్ఎక్స్ షిమ్‌తో, తిప్పిన సేఫ్టీతో వాడటం మేలు. పొగ, రేణువులు తట్టుకోలేని కళ్లున్నవాళ్లకి మాత్రం ఈ లెక్క మారుతుంది.

సేఫ్టీ బొత్తాం

సెమీ ఆటోమేటిక్‌లలో సేఫ్టీ మామూలుగా ట్రిగ్గర్ గార్డుకి అడ్డంగా ఉండే బొత్తాం. కుడిచేతి అమరికలో దాన్ని కుడి నుంచి ఎడమకి తోస్తే తుపాకీ కాలడానికి సిద్ధం. ఎడమచేతి వాళ్ల చూపుడు వేలు ఎడమపక్క ఉంటుంది కాబట్టి బొత్తాం కోసం వేలిని గార్డు కిందుగా అవతలికి తిప్పాలి. పట్టు సడలుతుంది.

క్లే మైదానంలో సేఫ్టీ వాడకం తక్కువే. స్టేషన్‌కి వచ్చాకే తూటా వేస్తారు, అప్పటిదాకా బోల్టు వెనక్కి తెరిచే ఉంటుంది. కానీ పొరపాటున సేఫ్టీ పడి ఉంటే క్లే పోయినట్టే. బెరెట్టా ఏ400, ఏ300 వరసల్లో బొత్తాంని తిప్పి అమర్చుకోవచ్చు. రెమింగ్టన్‌కి ఎడమ బొత్తాం విడిగా కొని వెయ్యాలి. ఈ పనికి ట్రిగ్గర్ గుంపుని బయటికి తీయాలి. బొత్తాం కింద చిన్న స్ప్రింగు, దాని మీద గుండో ప్లంజరో ఉంటుంది, అది ఎగిరి పోకుండా పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పడం మంచిది. తిప్పాక ఎర్ర వలయం కనిపించేది కాల్చడానికి సిద్ధంగా ఉన్న స్థితిలోనేనని, సేఫ్ స్థితిలో ట్రిగ్గర్ పనిచేయడం లేదని ఖాళీ తుపాకీ మీద రూఢి చేసుకోవాలి. సందేహం ఉంటే గన్‌స్మిత్‌కి ఇవ్వండి.

మాస్‌బర్గ్ 930, 940 వరసల్లో ఈ బాధే లేదు. సేఫ్టీ రిసీవర్ వెనక పైభాగాన ఉంటుంది, ఏ చేతి బొటనవేలికైనా ఒకేలా అందుతుంది.

గ్యాసా, ఇనర్షియానా

గ్యాస్ పద్ధతిలో బ్యారెల్ నుంచి కొంత గ్యాసు చిన్న రంధ్రాల ద్వారా పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ బోల్టుని వెనక్కి నెడుతుంది. తన్ను మెత్తగా సాగుతుంది. కానీ మసి పడుతుంది. బెనెల్లి, ఫ్రాంకీ వాడే ఇనర్షియా పద్ధతిలో గ్యాసు పని లేదు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు బరువైన బోల్టు క్యారియర్ ఉన్నచోటే ఉండిపోయి ఒక గట్టి స్ప్రింగుని నొక్కుతుంది, ఆ స్ప్రింగు విడిచినప్పుడు బోల్టు తెరుచుకుంటుంది. లోపల శుభ్రంగా ఉంటుంది, తన్ను మాత్రం పదునుగా తగులుతుంది.

ఎడమ మోడళ్లలో ఎక్కువ భాగం ఇనర్షియావే కాబట్టి దాని బలహీనతలు తెలుసుకోవాలి. ఒలింపిక్ ట్రాప్, స్కీట్‌లలో (స్కీట్ అంటే క్లేలు రెండు పక్కల నుంచి అడ్డంగా వచ్చే పోటీ) తూటాలో సీసం 24 గ్రాములకి మించకూడదు. క్లేలు రకరకాల దిశల్లో వచ్చే స్పోర్టింగ్ పోటీల్లో, ఫిటాస్క్ అనే అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం, 28. అమెరికన్ క్లబ్బుల్లో 28, 32 గ్రాములు మామూలు. ఇనర్షియా తుపాకీ వెనక్కి కదలాలి, అదీ వేగంగా. 24 గ్రాముల నెమ్మది తూటా, స్టాక్‌లో పెట్టుకున్న అదనపు బరువు, తుపాకీని వెనక్కి కదలనివ్వకుండా గట్టిగా అదిమి పట్టుకోవడం, ఈ మూడూ కలిస్తే ఖాళీ తూటా పోర్టులో అడ్డంగా ఇరుక్కుంటుంది. తన్ను తగ్గించుకుందామని స్టాక్‌లో సీసం వేసుకోవడం ఇక్కడ బెడిసికొడుతుంది.

ఇంకొకటి బెనెల్లి వాడేవాళ్లందరికీ తెలిసిన క్లిక్. బోల్టుని చప్పుడు కాకుండా చేత్తో మెల్లగా మూస్తే దాని తల పూర్తిగా తిరగదు. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్‌మంటుంది, తూటా పేలదు. బొత్తాం నొక్కి బోల్టుని దాని బలంతోనే మూసుకోనివ్వాలి.

గ్యాస్ తుపాకులకి శుభ్రత ముఖ్యం. రెమింగ్టన్ 1100లో మ్యాగజైన్ గొట్టం మీదుండే రబ్బరు వలయం చిట్లితే గ్యాసు కారి బోల్టు పూర్తిగా వెనక్కి రాదు. దాని ఖరీదు చాలా తక్కువ, రెండు మూడు సంచిలో ఉంచుకోవాలి. పిస్టన్ దగ్గర నూనె ఎక్కువ పోయకూడదు. నూనె మసితో కలిసి గట్టి పూతలా పేరుకుంటుంది. కొత్త తుపాకీ ఏ పద్ధతిదైనా మొదటి వంద, నూట యాభై తూటాలు 32 గ్రాములవి కాల్చాక తేలికపాటివాటికి మారితే ఇరుక్కోవడాలు తగ్గుతాయి.

బ్యారెల్ 28 లేదా 30 అంగుళాలు. సెమీ ఆటోమేటిక్ రిసీవర్ పొడవు కాబట్టి 28 అంగుళాలదే ఓవర్ అండ్ అండర్ 30 కన్నా పొడవుగా అనిపిస్తుంది. ఒకే బ్యారెల్ కాబట్టి ఒకే చోక్ (పెల్లెట్ల గుంపు ఎంత విచ్చుకోవాలో నిర్ణయించే బ్యారెల్ కొస బిగుతు). స్పోర్టింగ్‌కి ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే కాస్త వదులు చోక్ పెట్టి వదిలేయచ్చు.

పక్కవాళ్లు, నియమాలు

ట్రాప్‌లో షూటర్లు ఒకే వరసలో నిలబడతారు, అమెరికన్ ట్రాప్‌లో స్టేషన్ల మధ్య 3 గజాలు. మీ ఖాళీ తూటా పక్కవాళ్లకి తగిలితే వాళ్ల ఏకాగ్రత చెడుతుంది. కుడి పోర్టు అయితే కుడి పక్కవాళ్లకి, ఎడమ పోర్టు అయితే ఎడమ పక్కవాళ్లకి. పోర్టు దగ్గర బిగించి ఖాళీ తూటాని ఆపే షెల్ క్యాచర్ కొనాలి. ఎడమ తుపాకీకి ఎడమ క్యాచర్ విడిగా వెతకాల్సి వస్తుందన్నది ముందే గుర్తుంచుకోండి. క్లే మైదానాల్లో ఒకసారి రెండు తూటాలకి మించి వేయనివ్వరు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాలు సెమీ ఆటోమేటిక్‌ని అనుమతిస్తాయి, కానీ మ్యాగజైన్‌లో ఒక తూటా కన్నా ఎక్కువ పట్టకుండా అడ్డు వేసి ఉండాలి.

ఎడమ పోర్టు తుపాకీతో తిరిగేటప్పుడు ఛాంబర్ ఫ్లాగ్ (తూటా కూర్చునే గదిలో పెట్టి, తుపాకీ ఖాళీ అని చూపే రంగు గుర్తు) పెట్టుకోవడం మంచిది. తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసేవాళ్ల కళ్లు అలవాటు కొద్దీ కుడివైపే చూస్తాయి.

చట్టం

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఇది తుపాకీ కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనవచ్చు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కానీ తూటాలు కానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం నిషేధం. కొన్ని మినహాయింపులున్నాయి. అందులో తరచూ వాడుకునేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. దుకాణంలో నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు, తప్పు జవాబు నేరం. దీనిపైన రాష్ట్ర చట్టాలుంటాయి. న్యూజెర్సీలో షాట్‌గన్ కొనాలన్నా ముందు పర్చేజర్ ఐడీ కార్డు ఉండాలి, ఇలినాయ్‌లో తుపాకీ యజమానులకి రాష్ట్రం ఇచ్చే ఫోయిడ్ కార్డు. వీసా మీద ఉన్నవాళ్లు క్లబ్బు తుపాకీ అద్దెకి తీసుకునే ముందు కూడా న్యాయవాదిని అడగడం మంచిది, నిషేధం సొంతానికే కాదు, చేతిలో ఉండటానికీ వర్తిస్తుంది.

బ్రిటన్‌లో షాట్‌గన్ సర్టిఫికెట్ మీద కొనే సెమీ ఆటోమేటిక్‌లో ఛాంబర్‌తో కలిపి 3 తూటాలే పట్టాలి. భారతదేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం సెమీ ఆటోమేటిక్‌లు నిషిద్ధ వర్గంలోకి వస్తాయి, మామూలు లైసెన్సు మీద దొరకవు. అందుకే మన రేంజుల్లో, 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన హైదరాబాదు ట్రాప్ షూటర్ కైనన్ చెనాయ్ లాంటివాళ్లు పెరిగిన క్రీడలో, కనిపించేవి ఓవర్ అండ్ అండర్‌లే.

కొన్నాక బోర్డు మీద పరీక్ష

తుపాకీ చేతికి వచ్చాక క్లేల మీదికి పోకముందు ప్యాటర్న్ బోర్డు దగ్గరికి తీసుకెళ్లండి. 16 గజాల దూరం, అంటే 14.6 మీటర్లు. బిగుతైన చోక్ పెట్టాలి. కాగితం మధ్యలో ఒక చుక్క. గురిపెట్టి నిలబడకూడదు. తుపాకీని భుజానికి ఎత్తి, చుక్కనే చూస్తూ, ఎత్తిన మరుక్షణం కాల్చాలి. ఇలా అయిదుసార్లు, ప్రతిసారీ తుపాకీ దించి మళ్లీ ఎత్తి. అయిదు గుంపులూ కలిసి కాగితం చిరిగిన చోటు నడిబొడ్డు ఎక్కడుందో గుర్తు పెట్టండి. ఈ దూరంలో లెక్క సులువుగా ఉంటుంది. చుక్క నుంచి ఒక్కో అంగుళం తేడాకి చెంప దగ్గర స్టాక్ 1.6 మిల్లీమీటర్లు జరగాలి. రెండు అంగుళాలు కుడికి పడితే వంపు ఇంకా ఎడమకి రావాలి. ఎడమకి పడితే షిమ్ ఎక్కువైంది. పైకి కాస్త పడటం ట్రాప్‌కి మంచిదే, స్కీట్‌కి నడిమధ్యే కావాలి. షిమ్ మార్చాక కొత్త కాగితం మీద మళ్లీ అయిదు కాల్చాలి. వంపు, దిగుడు, పొడవుల్లో ఒకసారికి ఒకటే మార్చండి. రెండు కలిపి మారిస్తే దెబ్బ ఎందుకు జరిగిందో కాగితం చెప్పలేదు.